మా మరిదికి రెండు పేర్లు

నాకు నోరు ఎక్కువ. హిందూపురంలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళంతా ఈ మాట అంటారు, అని మళ్ళీ నా దగ్గరికే వస్తారు. అలాంటిదాన్ని మా మరిది సంగతిలో నెలల తరబడి నోరు కుట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు దాచాల్సిన పని లేదు కాబట్టి రాస్తున్నాను. అయినా ఇందులో ఎవరి పేరూ రాయను. ఆయన పేరు అసలే రాయను.

మేం తెలుగు మాట్లాడే సాయిబులం. మా చెల్లెల్ని ధర్మవరంలో ఇచ్చాం. నేతగాళ్ళ వీధిలో రెండు గదుల అద్దె ఇల్లు దానిది. పక్కింటివాళ్ళ మగ్గాలకు కండెలు చుట్టిస్తుంది, అంటే చీరకు అడ్డంగా పోయే పట్టుదారాన్ని చిన్న చిన్న గొట్టాలకు చుట్టివ్వడం. దాని మొగుడు, అంటే మా మరిది, పెళ్ళికి ముందు నుంచే ఒక అరబ్బు దేశానికి పోయి వస్తూ ఉండేవాడు. పెద్ద పెద్ద కట్టడాల దగ్గర క్రేను నడిపేవాడు. ఆయన తల్లి పెనుకొండలో ఒంటరిగా ఉండేది. కొడుకు రమ్మన్నా దర్గా నీడ వదిలి రాదు. పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే నడుమ పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం. మా ముగ్గురి ఇళ్ళూ ఒకే పట్టాల మీద ఉన్నట్టే.

ఆయన పనిచేసే చోట కూలీలకు నెలలుగా జీతాలు ఇవ్వలేదు. అడిగి అడిగి విసిగి అందరూ క్యాంపు గేటు ముందు కూర్చున్నారు. పోలీసులొచ్చి కొట్టారు. మా మరిది దాన్ని ఫోన్‌లో వీడియో తీసి తెలిసినవాళ్ళకు పంపాడు. మరుసటి రోజు ఒక వ్యాను వచ్చి ఆయన్ని ఎక్కించుకుని పోయింది. ఇదంతా అదే క్యాంపులో ఉండే కదిరి మనిషి ఒకాయన ఫోన్ చేసి మా చెల్లెలికి చెప్పాడు. తర్వాత ఆయన ఫోన్ కూడా మోగడం మానేసింది.

మా మరిదిని అక్కడికి పంపిన ఏజెంటు ఇంటికి వచ్చి కూర్చుని, ఎవరితోనూ అనవద్దని, పేరు బయటికి వస్తే మనిషి బయటికి రాడని, లోపల్లోపల తను మాట్లాడుతున్నానని చెప్పాడు. ఫోన్‌లో ఉన్న ఫోటోలు, వీసా కాగితాలు, ఆ వీడియో, అన్నీ చెరిపేయమన్నాడు. మా చెల్లెలు ఆయన ముందే అన్నీ చెరిపేసింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మేం కూడా ఊరుకున్నాం. వీధిలో ఎవరైనా అడిగితే ఓవర్‌టైం ఎక్కువగా ఉందట, ఫోన్ చేయడానికి తీరిక లేదట అని చెప్పేవాళ్ళం. ఓవర్‌టైం చేసి చేసి ఎండాకాలం పోయింది, వానలు కూడా పోయాయి.

ఇక నావల్ల కాలేదు. అమరాపురం నుంచి నా దగ్గరికి వచ్చే ఒకామె కూతురు బెంగళూరులో లాయరు. ఇలా బయటి దేశాల్లో చిక్కుకున్న కూలీల కేసులు చూస్తుందని విని, చెల్లెలికి ఒక్క మాట చెప్పి బెంగళూరు రైలెక్కాను. సన్నగా, నా కూతురంత వయసులో ఉంది ఆ పిల్ల. అన్నీ విని, మన రాయబార కార్యాలయానికి ఒక అర్జీ పెడదామని, దానితోపాటు జెనీవాలో అన్ని దేశాలూ కలిసి కూర్చునే సంస్థ ఒకటి ఉందని, అక్కడ కూడా అడిగిద్దామని చెప్పింది.

వాళ్ళకు పోలీసులు ఉన్నారా, వెళ్ళి తాళం పగలగొడతారా అని అడిగాను. లేదంది. మరేం చేస్తారంటే, అడుగుతారంది. అడిగితే ఏమవుతుందంటే, ఆ దేశం జవాబు చెప్పాలంది. నాకు ఒళ్ళు మండింది. అడగడానికి నేను చాలనా, దానికి జెనీవా దాకా ఎందుకు అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. "అక్కా, మీ వీధిలో ఎవరైనా పెండ్లాన్ని కొడితే నాలుగు గోడల మధ్య మీరు అడిగితే వింటాడా? అదే పదిమంది పెద్దమనుషుల ముందర నిలబెట్టి అడిగితే? దేశానికైనా పదిమందిలో పరువు ఉంటాది. మా చేతిలో ఉండేది ఆ పరువొక్కటే" అంది.

అది నాకు అర్థమైంది. మగ్గాల వీధిలో ఎన్ని పంచాయతీలు చూడలేదు!

మొదట గుట్టుగానే అడుగుతారట. ఫలానా మనిషి మీ దగ్గర ఉన్నాడా, ఎందుకు పెట్టారు అని ఆ సంస్థ రాస్తుంది, ఆ దేశం తిరిగి రాస్తుంది. దానికి ఇంటి మనిషి ఎవరైనా వివరాలు చెప్పాలి. లాయరమ్మ నా ముందే మా చెల్లెలికి ఫోన్ చేసి, మీ ఆయన పేరు చెప్పమ్మా అంది. అటునుంచి, మా అత్తను అడగండి అని వినిపించింది.

నాకది వింతగా అనిపించలేదు. మా పక్క పాతకాలపు ఇళ్ళల్లో ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. కాలం మారి చాలామంది వదిలేశారు, మా చెల్లెలు మాత్రం వదల్లేదు. రేషన్ షాపులోనైనా, ఆస్పత్రిలోనైనా మొగుడి పేరు అడిగితే పక్కన ఉన్న కూతుర్ని మోచేత్తో పొడిచేది, అది చెప్పేది. ఆయన్ని పిలవాలంటే పాప వాళ్ళ నాయన, లేదంటే ఆయప్ప. దాని కాపురం మొత్తం ఈ రెండు మాటలతోనే గడిచింది.

లాయరమ్మను వెంటబెట్టుకుని పెనుకొండ పోయాను. అత్త, అంటే మా చెల్లెలి అత్తను నేను కూడా అలాగే పిలుస్తాను, కాళ్ళు కడుక్కుని వచ్చి లాయరమ్మ వీడియో తీస్తున్న ఫోన్ ముందు కూర్చుని కొడుకు పేరు ఎలుగెత్తి చెప్పింది. ఎందుకు చెప్పదు! ముందు పుట్టిన ముగ్గురు పురిట్లోనే పోతే దర్గాకు మొక్కుకుని, నాలుగోవాడికి అక్కడి స్వామి పేరే పెట్టుకుంది. పెనుకొండలో ఆ పేరుతో వీధికి నలుగురు ఉంటారు. ఇంకే పేరైనా ఉందా అమ్మా అని లాయరమ్మ అడిగితే, "ఆ పేరు పెట్టినాంకనే వాడు బతికినాడు, ఇంగో పేరు ఏంటికి వాడికి?" అంది. ఆధార్ కాపీ చూపించాం. అందులోనూ అదే పేరు. నాకు కూడా ఆయన ఆ పేరుతోనే తెలుసు. అంతా సరిగ్గా ఉందనుకుని పంపించాం.

జవాబు చలికాలంలో వచ్చింది. లాయరమ్మ ఫోన్ చేసి, మీరు కూర్చోండక్కా అంది. మిషను ముందు కూర్చునే ఉన్నాను. ఆ దేశం రెండే వాక్యాలు రాసిందట. ఆ పేరుగల వ్యక్తి మా నిర్బంధంలో లేడు. ఎన్నడూ లేడు.

ఆ 'ఎన్నడూ' అనే మాట నా గుండెలో దిగింది. లేడంటే ఏమిటి? వ్యాను ఎక్కించుకుని పోయిన మనిషి, నా చేతి కూర తిన్న మనిషి, తన పాపను భుజాన ఎక్కించుకున్న మనిషి, ఎన్నడూ లేకుండా ఎలా పోతాడు?

షాపు మూసి పెనుకొండ పోయేసరికి వార్త నాకంటే ముందే చేరింది. లాయరమ్మ ఆఫీసు నుంచి అత్తకు కూడా ఫోన్ వచ్చిందట. ఇంటినిండా జనం. అత్త నేల మీద పడి ఉంది. ఒక పెద్దాయన గొంతు తగ్గించి, ఇంక ఆశ పెట్టుకోవద్దు, చనిపోయినవాళ్ళకు చేసే ప్రార్థన చేయించేద్దాం, శవం రాకపోయినా చేయవచ్చు అంటున్నాడు. నాకు ఆగలేదు. శవాన్ని చూసినారా మీరు, చూడకుండానే మట్టి పోస్తారా అని అరిచాను. ఆయన పెద్దమనిషి, లేచి వెళ్ళిపోయాడు. అత్తను లేపి, మొహం తుడిచి, ధర్మవరం రైలెక్కించాను. దారి పొడుగునా ఆమె కిటికీ ఊచలు పట్టుకుని కొండల వైపు చూస్తూ కూర్చుంది. నేను ధైర్యం చెప్పడానికి నోరు తెరిచాను గాని, ఏ మాటా రాలేదు. నాకు మాట రాకపోవడం అదే మొదలు.

చెల్లెలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. లాయరమ్మ చెప్పిందీ, పెనుకొండలో ఆ పెద్దాయన అన్నదీ దానికి చెప్పాను. అది వింటూ చుడుతూనే ఉంది. ఏడవలేదు. అత్త ఏడుస్తుంటే మాత్రం ఒకసారి తలెత్తి చూసింది. తర్వాత రాట్నం ఆపింది.

"ఆడ ఆయప్పకు ఆ పేరు కాదక్కా" అంది.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పింది. చిన్నప్పుడు బడిలో ఒకే క్లాసులో ఆ దర్గా పేరుతో నలుగురు పిల్లలు ఉండేవాళ్ళట. హాజరు పిలిస్తే నలుగురూ ఒకేసారి పలికేవాళ్ళట. అయ్యవారు విసుగు పుట్టి, ముగ్గురికి తనకు తోచిన పేర్లు రిజిస్టరులో రాసుకున్నాడట. ఆ ముగ్గురిలో మా మరిది ఒకడు. పదో తరగతి సర్టిఫికెట్ ఆ పేరుతోనే వచ్చింది. ఆధార్ ఇంకా రాని రోజుల్లో ఏజెంటు ఆ సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్టు చేయించాడు. అప్పటి నుంచి ఆ దేశంలో ఆయన ఆ పేరు మనిషే. ఇక్కడ దర్గా పేరు, అక్కడ బడి పేరు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. మనం అడిగిన మనిషి వాళ్ళ దగ్గర లేడు.

చెంప పగలగొట్టాలనిపించింది. ఇన్ని నెలలు ఏం చేస్తాండావే అని అరిచాను.

"లాయరమ్మ కాడ కాగితాలన్నీ ఉంటాయనుకున్యా. పేరే అడిగిరి. అది నేనెట్ల చెప్తా?" అంది. అది నిజంగానే అడిగింది. జవాబు నా దగ్గర ఉంటుందేమో అన్నట్టు నా మొహం చూసింది.

లాయరమ్మకు ఫోన్ చేశాను. ఆ పిల్ల అయ్యో అంది. తర్వాత గబగబా చెప్పింది. మరుసటి రోజే జెనీవాలో బహిరంగ సభ. అన్ని దేశాలవాళ్ళూ ఉంటారు, కెమెరాలు ఉంటాయి. ఎక్కడో సముద్రం అవతలి చిన్న దేశం ఒకటి ఈ కూలీల సంగతి ఎత్తడానికి ఒప్పుకుంది. కొత్త పేరు ఊరికే ఇస్తే ఆ అరబ్బు దేశం, మీరు రోజుకొక పేరు తెస్తున్నారని కొట్టిపారేస్తుంది. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని, ఆ మనిషిని ఎరిగిన రక్తసంబంధీకులో, భార్యో తమ నోటితో చెప్పిన వీడియో కావాలి. చీకటి పడేలోపు పంపాలి.

అత్తను అడిగాను. ఆమె ఆ బడి పేరు జన్మలో వినలేదు. చెల్లెలు రాసిస్తే నేను చూసి చెవిలో చెప్తాను, అను అత్తా అన్నాను. అత్త కళ్ళు తుడుచుకుని, "తెలియని పేరు తెచ్చి నా కొడుకుదని దేవుని మీద ప్రమాణం ఎట్ల చేస్తానమ్మా?" అంది. లాయరమ్మ కూడా అదే అంది. చెప్పించినట్టు కనబడితే మొత్తం పోతుంది, ఎరిగిన మనిషే చెప్పాలి. ఎరిగింది మా చెల్లెలు ఒక్కతే.

అంతలో ఏజెంటు ఫోన్ వచ్చింది. పెనుకొండలో అంతమంది ముందు నేను అరిచి వచ్చాను కదా, వాడి చెవిన పడకుండా ఎలా ఉంటుంది! చెల్లెలు స్పీకర్ పెట్టింది. వాడు కోప్పడలేదు, బెదిరించలేదు. మెత్తగా మాట్లాడాడు.

"చూడమ్మా, ఆ మనిషి లేడని వాళ్ళు రాసిచ్చినారు. లేడన్న మనిషిని ఉండాడని నువ్వు పదిమందిలో నిరూపిస్తే వాళ్ళు అబద్ధాలకోరులు అయితారు. అప్పుడు వాళ్ళు తమ మాట నిలబెట్టుకుంటారు. ఆలోచించుకో" అని పెట్టేశాడు.

వాడు తన దుడ్ల కోసమే అంటున్నాడని తెలుసు, లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపే వాడి దొంగ వ్యాపారం బయట పడుతుందని భయమనీ తెలుసు. కానీ మాట మాత్రం తప్పు కాదనిపించింది. లాయరమ్మను అడిగాను. అలా జరగదని చెప్పు అన్నాను. ఆ పిల్ల, "జరగదని నేను చెప్పలేనక్కా. పేరు వినబడిన మనిషిని మాయం చేయడం కష్టమని మాత్రం చెప్పగలను. మీ చెల్లెల్ని ఆలోచించుకోనీండి, నేను బలవంతం చేయను" అంది. ఆ నిజాయితీ నాకు ఆ క్షణంలో ఎందుకూ పనికిరాలేదు. ఎవరైనా గట్టిగా ఇటో అటో చెబితే బాగుండుననిపించింది.

పొద్దు వాలుతోంది. పక్కింట్లో మగ్గాలు టకటకమంటున్నాయి. చెల్లెలు గోడకు ఆనుకుని కూర్చుంది. మేం దాన్ని కదిలించలేదు. చాలాసేపటికి నన్ను అడిగింది, నీ మొగుని పేరు నువ్వు పలికేదానివి గదా అక్కా అని.

పలికేదాన్ని. ప్రేమగా కాదు, పోట్లాడేటప్పుడు వీధి చివరికి వినబడేలా పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆయన నలభై దాటకముందే గుండె ఆగి పోయాడు. పేరు పలికినందుకు ఎవరూ పోరు, బీడీలు తాగి తాగి పోయాడు అని చెల్లెలితో అన్నాను. అది నిజం. అయినా చెబుతుంటే తల పక్కకు తిప్పుకున్నాను, అది గమనించింది.

అత్త ఒక మూల, నేనొక మూల. ఇక ఒప్పుకోదనే అనుకున్నాను. ఒప్పుకోకపోతే తప్పు పట్టకూడదని కూడా అనుకున్నాను. అప్పుడు లేచింది.

"ఆడ లేడంటాండారు. ఈడ మట్టి పోస్తామంటాండారు. నేను కూడా పలక్కపోతే ఆయప్ప ఇంక యాడ ఉంటాడక్కా?" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకు దాచాలి, వెక్కి వెక్కి ఏడ్చాను.

పక్కింటికి పోయి మగ్గాలు కాసేపు ఆపమని అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఆ ఇంటాయన నా మొహం చూసి ఆపాడు, అవతలి ఇంటికి కూడా కేకేసి ఆపించాడు. ఆ వీధిలో పగటిపూట అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. చెల్లెలు నోరు పుక్కిలించి, తల మీద కొంగు కప్పుకుని ఫోన్ ముందు కూర్చుంది. అవతల లాయరమ్మ. దర్గా పేరు, బడి పేరు, రెండూ నా భర్తవే అని చెప్పాలి.

మొదటిసారి పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. అమ్మా వినబడలేదు అంది లాయరమ్మ. రెండోసారి చెప్పింది. సరిగ్గా పేరు దగ్గర నెట్‌వర్క్ పోయి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ చెప్పాలి. మా చెల్లెలు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఒకసారి ఆయన ఆయుష్షు తగ్గించి, అది కూడా గాలిలో పోయిందన్నట్టు చూసింది. మూడోసారి అరిచింది. ఇల్లే కాదు, వీధి అంతా వినబడేలా, రెండు పేర్లూ ఒకదాని వెంట ఒకటి, నా మొగుడు అని, ఉండాడు అని అరిచింది. గోడవైపు తిరిగి కూర్చున్న అత్త వెన్ను అదిరిపడింది.

మరుసటి రోజు అది అన్నం ముట్టలేదు. మంచినీళ్ళు కూడా తాగలేదు. రోజా ఉన్నాను అంది. పేరు పలికినందుకు తగ్గింది ఉపవాసం ఉంటే మళ్ళీ నిండుతుందని ఎవరూ దానికి చెప్పలేదు. అదే తేల్చుకుంది.

మధ్యాహ్నం ముగ్గురం ఒక్క ఫోన్ ముందు కూర్చున్నాం. పెద్ద గుండ్రటి హాలు, వరసలు వరసలుగా కుర్చీలు, ఒక్కొక్కరి ముందు ఒక్కో దేశం పేరున్న పలక. మాట్లాడేది మాకు ఒక్క ముక్క అర్థం కాదు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నా షాపులో పండగ ముందు జాకెట్ల కోసం కాచుకునేవాళ్ళకు ఉండే ఓపిక కూడా వాళ్ళలో కనబడలేదు. ఇలాంటివాళ్ళనా నమ్ముకున్నాం అని కడుపు రగిలింది. చాలాసేపటికి ఆ చిన్న దేశం తరఫున నెరిసిన జుట్టున్న ఒకావిడ కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది. నడుమ మా మరిది పేర్లు వినబడ్డాయి. వంకరటింకరగా, నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని పలికినట్టు పలికింది గాని, రెండూ పలికింది. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దింపింది. అత్త దర్గా వైపు తిరిగి చేతులెత్తింది.

అంతే. మొత్తం కలిపి గ్లాసు మంచినీళ్ళు తాగినంత సేపు.

తర్వాత ఆ అరబ్బు దేశం మనిషి మైకు దగ్గరకు జరిగాడు. కోటు సవరించుకున్నాడు. ఏదో చెప్పాడు, చివరి మాటల దగ్గర గొంతు కొంచెం తగ్గింది. ఏమన్నాడో లాయరమ్మ మెసేజ్ వచ్చేదాకా తెలియలేదు. లేడు అనలేదు అక్కా, విచారించి తెలియజేస్తామన్నారు అని రాసింది. నేను దాన్ని పైకి చదివాను. చెల్లెలు మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

దాంతో తలుపులు తెరుచుకున్నాయని కాదు. ఏజెంటు అన్నది జరుగుతుందేమోనన్న భయం రోజూ మాతోనే అన్నం తినేది. ఫోన్ మోగితే ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. లాయరమ్మ ఢిల్లీకి రాసింది, జెనీవాకు రాసింది, మన రాయబార కార్యాలయంవాళ్ళు పోయి అడిగారు. అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఫోన్ చేసి భార్య నోటితో పేరు ఖాయం చేసుకునేవాళ్ళు. మా చెల్లెలు పలికేది. పలికిన మర్నాడు రోజా ఉండేది. అత్త పెనుకొండ వదిలి ధర్మవరం వచ్చేసింది. దర్గా నీడ వదలని మనిషి! కోడలు రోజా ఉండే రోజున తెల్లవారకముందే లేచి జొన్నరొట్టె చేసి, తిను తల్లీ తిను అని దగ్గర కూర్చునేది. ఆ పేరు గురించి ఆమె ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఎండలు ముదిరే ముందు కబురు వచ్చింది. మనిషి ఉన్నాడు. బడి పేరుతో ఒక జైల్లో ఉన్నాడు. ఏ కేసూ పెట్టకుండా ఇన్నాళ్ళు ఉంచారు. ఇప్పుడు వీడియో తీసినందుకు ఏదో ఒక చిన్న నేరం రాసి, శిక్షాకాలం తీరిపోయిందని చెప్పి పంపిస్తున్నారు. పరువు కాపాడుకోవడానికి వాళ్ళ తిప్పలు వాళ్ళవి. మాకు మనిషి కావాలి.

లాయరమ్మ ఆయన్ని బెంగళూరులో దింపించుకుని రైలు ఎక్కించింది. హిందూపురంలో రైలు ఆగినప్పుడే చూడవచ్చు గాని, ముందు చెల్లెలే చూడాలని నేను ముందురోజే ధర్మవరం పోయాను. సాయంత్రం స్టేషన్‌కు పోయాం. నేను, చెల్లెలు, పాప, అత్త. చెల్లెలు పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. ఏ పెట్టెలో ఉన్నాడో తెలియక నడుమ నిలబడ్డాం.

రైలు ఆగింది. జనం దిగారు, మూటలు, పిల్లలు, చీరల బేళ్ళు. ఆయన ఎక్కడో చివరి పెట్టెలో దిగాడు. మేం చూసేసరికి జనంలో కలిసి అవతలి గేటు వైపు నడుస్తున్నాడు. సగం మనిషి అయ్యాడు. నడక చూసి గుర్తుపట్టాం. నేను మరిదీ అని కేకేశాను, ఇంజను కూతలో కొట్టుకుపోయింది. మునుపైతే చెల్లెలు పాపను ముందుకు తోసి నాయన్ను పిలువు అనేది. ఇప్పుడు అనలేదు. దానికి ఆ పేరు అలవాటైపోయింది. ప్లాట్‌ఫాం అంతా వినబడేలా బడి పేరు పెట్టి పిలిచింది.

ఆయన ఆగాడు. వెనక్కి తిరగలేదు. చేతిలో సంచి కింద పెట్టేశాడు. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి వేసి, తల వంచి, అక్కడికక్కడే నిలబడిపోయాడు. జనం ఆయన్ని తప్పుకుంటూ, రాసుకుంటూ పోతున్నారు. కదల్లేదు.

మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడ జైల్లో ఆ పేరు ఎవరు ఏ గొంతుతో పిలిచేవాళ్ళో, పిలిచాక ఏం జరిగేదో మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

అత్త మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ ముందుకు పోయింది. వెనక నిలబడి దర్గా పేరు పెట్టి, బువ్వకు పిలిచినట్టు మెల్లగా పిలిచింది. ఆయన అలాగే ఉన్నాడు. మళ్ళీ పిలిచింది. అప్పుడు ఆ చేతులు ఒకటొకటిగా విడివడి ముందుకు వచ్చాయి.

ఆ రోజు నుంచి మా చెల్లెలు ఆ పేరు పలకలేదు. పాపా, మీ నాయన్ను అన్నానికి పిలువు అంటుంది.